పట్టికను శంకించిన సైకిల్ మెకానిక్కులు

మన మోరిస్‌విల్ రోడ్ల మీద చాలా కార్ల నంబరు పలకలపై రైట్ సోదరుల విమానం బొమ్మ కనిపిస్తుంది. అది ఎగిరిన కిల్ డెవిల్ హిల్స్ ఇక్కడికి సుమారు 200 మైళ్లు. పిల్లల్ని తీసుకెళ్లి, 12 సెకండ్లు, 120 అడుగులు అని చెప్పి వచ్చేస్తాం. నాకు మాత్రం 1903 డిసెంబరు 17 కన్నా, అంతకు రెండేళ్ల ముందు అక్కడే వాళ్లకు జరిగిన భంగపాటు మీదే ఆసక్తి ఎక్కువ.

విల్బర్, ఆర్విల్ ఒహాయోలోని డేటన్‌లో సైకిళ్లు చేసి, బాగుచేసి బతికినవాళ్లు. కాలేజీ గడప తొక్కలేదు. 1900 నాటి గ్లైడరు చాలలేదని రెక్కలు బాగా పెంచి 1901లో ఇంకొకటి కట్టారు. లెక్క ప్రకారం రావలసిన లేవనెత్తే బలంలో దానికి మూడో వంతే వచ్చింది.

ఈసారి రెక్కలు పెంచలేదు. ఆ లెక్కలోకి వెళ్లిన అంకెల్ని ఒక్కొక్కటీ విడదీశారు. అందులో ఒకటి జర్మనీవాడైన లిలియెంథాల్ పట్టిక. రెండోది 18వ శతాబ్దం నుంచి అందరూ కళ్లు మూసుకుని వాడుతున్న స్మీటన్ గుణకం, 0.005. మొదట శంకించింది లిలియెంథాల్‌నే. ఆరడుగుల చెక్కపెట్టె చేసి, ఒక చివర ఫ్యాను పెట్టి, హాక్సా బ్లేడ్ల ముక్కలతో, సైకిల్ స్పోకుల తీగతో త్రాసు కట్టుకుని, సుమారు 200 రెక్కల నమూనాలు పరీక్షించారు. తీరా చూస్తే పట్టిక చాలావరకు సరైనదే! గ్లైడరు కొలతలతో సరిచూస్తే తేడా గుణకంలో ఉంది. అది 0.0033 దగ్గర తేలింది.

వైద్యంలోనూ మాకు ముందు రోగి మీద అనుమానం వస్తుంది, పాఠ్యపుస్తకం మీద చిట్టచివరికి గాని రాదు. మొదట అనుమానించిన వాణ్ణి నిర్దోషి అని వదిలిపెట్టడం మరీ కష్టం.

1902లో బలం వచ్చింది, ఇంకో జబ్బు బయటపడింది. మలుపు తిరిగేటప్పుడు గ్లైడరు గిర్రున తిరిగి ఇసుకలో పడేది. పక్కకు జారేటప్పుడు బిగించి ఉన్న తోక చుక్కానే ఆ తిరుగుడును పెంచుతోందని గ్రహించి, దాన్ని కదిలేటట్టు మార్చారు.

సైకిల్ గొలుసు ఊడదీసుకు కూర్చున్న పిల్లవాణ్ణి పుస్తకం ముందుకు తరిమే ఇళ్లలో మాదీ ఒకటి.

1903 నవంబరులో ప్రొపెల్లర్ల గొట్టపు ఇరుసులు పగిలాయి. ఆర్విల్ డేటన్ వెళ్లి గట్టి ఉక్కు కడ్డీలతో కొత్తవి చేసి తెచ్చాడు. వదులవుతున్న పళ్లచక్రాలను నిలబెట్టింది సైకిల్ టైర్లకు పూసే జిగురు. 17వ తేదీన నాలుగుసార్లు ఎగిరారు. ఆఖరిసారి 59 సెకండ్లు, 852 అడుగులు.