ప్రచురణకర్త పత్రాలు - చిత్రకవిత్వ చరిత్ర : డిక్ హిగ్గిన్స్ కృషి పరిశీలన

ఉపోద్ఘాతం

సాహిత్యచరిత్ర రచనకు ముద్రిత గ్రంథాలే ప్రధానాధారాలు. అయితే ఒక గ్రంథం ఎందుకు వెలువడింది, ఏది వెలువడకుండా ఆగిపోయింది, ఒక పారిభాషిక పదం మొదట ఎవరి మధ్య చలామణి అయింది వంటి ప్రశ్నలకు గ్రంథం ఒక్కటే సమాధానం చెప్పజాలదు. ఉత్తరాలు, చిత్తుప్రతులు, ప్రూఫులు, ప్రకటన పత్రాలు, చందాదారులకు పంపిన కరపత్రాలు ఆ లోటును పూరిస్తాయి. కవే ప్రచురణకర్త కూడా అయినప్పుడు ఈ కాగితాల విలువ ఇంకా పెరుగుతుంది. అతని ప్రచురణ వ్యాపకాన్ని అతని సాహిత్య సిద్ధాంతం నుంచి విడదీయడం సాధ్యం కాదు.

అమెరికన్ ప్రయోగకవి, స్వరకర్త, ప్రచురణకర్త డిక్ హిగ్గిన్స్ (1938-1998) ఇందుకు తగిన ఉదాహరణ. అతని పత్రాలు నేడు ప్రధానంగా రెండు చోట్ల ఉన్నాయి. ఒక భాగం లాస్ ఏంజెలిస్‌లోని గెట్టీ పరిశోధన సంస్థలో, మరొక భాగం ఇల్లినాయ్ రాష్ట్రంలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రమై ఉన్నాయి. వీటికి తోడు బాల్టిమోర్ కౌంటీలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో హిగ్గిన్స్ పేరిట ఒక సేకరణ ఉంది. హిగ్గిన్స్ ప్రచురణ కృషికీ, ఆకృతి కవిత్వంపై అతడు చేసిన పరిశోధనకూ మధ్య గల సంబంధాన్ని నిరూపించడం, ఆ పరిశోధన తెలుగు బంధకవిత్వ అధ్యయనానికి చూపే దారిని గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సమ్‌థింగ్ ఎల్స్ ప్రెస్

హిగ్గిన్స్ ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జన్మించాడు. న్యూయార్క్‌లో జాన్ కేజ్ వద్ద సంగీతరచన అభ్యసించాడు. 1960లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి ఆంగ్ల సాహిత్యంలో పట్టా పొందిన తరువాత ముద్రణ పాఠశాలలో చేరి అచ్చుపని నేర్చుకున్నాడు. ఈ చివరి అంశం గమనింపదగినది. అక్షరాన్ని అర్థవాహకంగానే కాక పుటమీద స్థలాన్ని ఆక్రమించే వస్తువుగా చూడగల దృష్టి అతనికి ఈ వృత్తి శిక్షణ వల్ల మరింత బలపడి ఉండాలి.

1962లో జర్మనీలోని వీస్‌బాడెన్‌లో జరిగిన ప్రదర్శనలతో రూపుదిద్దుకున్న ఫ్లక్సస్ కళాకారుల బృందంలో హిగ్గిన్స్, అతని భార్య ఆలిసన్ నోల్స్ ఇద్దరూ ఉన్నారు. ఆ బృందానికి సారథి అయిన జార్జ్ మాసియునస్ హిగ్గిన్స్ రచనను ప్రచురించేందుకు పూనుకున్నాడు కాని ఆ పని జాప్యమవుతూ వచ్చింది. దానితో హిగ్గిన్స్ తన రాతప్రతిని వెనక్కు తీసుకొని, 1963లో స్వయంగా సమ్‌థింగ్ ఎల్స్ ప్రెస్‌ను స్థాపించాడు. తొలి గ్రంథం 1964లో వచ్చింది.

సుమారు పది సంవత్సరాలపాటు సాగిన ఈ సంస్థ ప్రచురణల జాబితా ఒక సాహిత్య ప్రణాళికలా కనిపిస్తుంది. గెర్‌ట్రూడ్ స్టైన్ బృహద్రచన 'ది మేకింగ్ ఆఫ్ అమెరికన్స్' పునర్ముద్రణ 1966లోనూ, ఎమెట్ విలియమ్స్ కూర్చిన కాంక్రీట్ కవిత్వ సంకలనం 1967లోనూ, జాన్ కేజ్ సంకలించిన స్వరలిపుల గ్రంథం 'నొటేషన్స్' 1969లోనూ వెలువడ్డాయి. వీటితోపాటు 1965-67 మధ్య 'గ్రేట్ బేర్' పేరుతో ఇరవై చిన్న పుస్తకాలు వచ్చాయి. విషయం ఎంత విప్లవాత్మకమైనదైనా గ్రంథం గట్టి అట్టతో, మన్నికైన కాగితంపై, గ్రంథాలయాలు కొని దాచుకోదగిన రూపంలో ఉండాలని హిగ్గిన్స్ భావించాడు. అంటే అతని దృష్టిలో ప్రయోగం క్షణికం కావచ్చు, కాని ప్రయోగానికి సంబంధించిన ఆధారం క్షణికం కాకూడదు. 1974లో ఆర్థిక కారణాలతో ప్రెస్ మూతపడింది. ఆ తరువాత కూడా అతడు చిన్న ప్రచురణ సంస్థల ద్వారా పుస్తకాలు తెస్తూనే ఉన్నాడు.

కరపత్రం నుంచి సిద్ధాంతానికి

నేడు కళావిమర్శలో స్థిరపడిన 'ఇంటర్మీడియా' అనే పారిభాషిక పదానికి ఆధునిక ప్రచారం కల్పించినవాడు హిగ్గిన్స్. అయితే ఆ పదాన్ని తానే సృష్టించానని అతడు చెప్పుకోలేదు. 1812లో కోల్‌రిడ్జ్ దానిని వాడినట్లు స్వయంగా పేర్కొన్నాడు. హిగ్గిన్స్ వివరణలో అనేక మాధ్యమాల కలయికకూ ఇంటర్మీడియాకూ భేదం ఉంది. సంగీత నాటకంలో పాట, మాట, రంగాలంకరణ కలిసి ఉన్నా ప్రేక్షకుడు వాటిని వేర్వేరుగా గుర్తించగలడు. ఇంటర్మీడియాలో అలా విడదీయడం వీలుకాదు. రెండు మాధ్యమాల నడిమి స్థలంలో, వాటి సంలీనత వల్ల మూడవదొకటి పుడుతుంది. దృశ్యకవిత్వం ఇందుకు లక్ష్యం. చిత్రాన్ని తీసివేస్తే కవిత మిగలదు. కవితను తీసివేస్తే చిత్రం మిగలదు.

ఈ సిద్ధాంత వ్యాసం మొదట ఏ విశ్వవిద్యాలయ పత్రికలోనూ వెలువడలేదు. 1966 ఫిబ్రవరిలో సమ్‌థింగ్ ఎల్స్ ప్రెస్ తన పాఠకులకు తపాలాలో పంపిన వార్తాపత్రం తొలి సంచికలో వచ్చింది. పుస్తకాల అమ్మకానికి ఉద్దేశించిన కాగితం సిద్ధాంత ప్రకటనకు వేదికైంది. సాధారణంగా ఇటువంటి కాగితాలను గ్రంథాలయాలు పుస్తకాలుగా లెక్కించవు, పాఠకులు చదివి పారవేస్తారు. అవి పోతే సిద్ధాంతం తరువాతి సంపుటాలలో మిగులుతుంది కాని అది ఏ అవసరం నుంచి, ఏ పాఠకులను ఉద్దేశించి పుట్టిందో తెలియదు. వ్యక్తిగత పత్రసంచయాల ప్రయోజనం ఇక్కడ స్పష్టమవుతుంది.

వెలువడని గ్రంథాల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. తన ప్రెస్ చరిత్రను ప్రతిబింబించే ఒక సంకలనాన్ని హిగ్గిన్స్ 1972లో రూపొందించాడు. అది ఆనాడు అచ్చుకు నోచుకోలేదు. ఐదు దశాబ్దాల అనంతరం, 2022లో, 'ఎ సమ్‌థింగ్ ఎల్స్ రీడర్' పేరుతో వెలుగు చూసింది. ప్రచురణకర్త కాగితాలు మిగిలి ఉంటే ఆగిపోయిన గ్రంథానికి సైతం పునర్జన్మ ఉంటుందనడానికి ఇది నిదర్శనం.

ఆకృతి కవిత్వ పరిశోధన

కాంక్రీట్ కవిత్వం 1950ల నాటి కొత్త ఉద్యమమని విమర్శకులు సాధారణంగా భావించారు. స్విట్జర్లాండులో ఓయ్‌గెన్ గోమ్‌రింగర్, బ్రెజిల్‌లో నోయిగాండ్రెస్ బృందం దానికి ఆద్యులు. ఆ కవిత్వాన్ని ప్రచురించిన హిగ్గిన్స్ దాని పూర్వచరిత్రను అన్వేషించాడు. 1977లో జార్జ్ హెర్బర్ట్ ఆకృతి కవితలపై ఒక చిన్న గ్రంథం, 1987లో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా 'ప్యాటర్న్ పొయెట్రీ' అనే పెద్ద గ్రంథం వెలువరించాడు. రెండవ గ్రంథానికి అజ్ఞాత సాహిత్యానికి మార్గదర్శిని అనే అర్థమిచ్చే ఉపశీర్షిక పెట్టాడు.

గ్రీకు కవి సిమ్మియాస్ గొడ్డలి, రెక్కలు, గుడ్డు ఆకారాలలో రాసిన కవితలు, నాల్గవ శతాబ్దిలో ఆప్టేషియన్ అక్షరాల గడులలో కూర్చిన లాటిన్ పద్యాలు, తొమ్మిదవ శతాబ్దిలో హ్రబానుస్ మౌరుస్ శిలువను స్తుతించిన ఆకృతి పద్యాలు, 1633లో ముద్రితమైన హెర్బర్ట్ కవితలు - ఇవన్నీ ఒకే పరంపరగా గుర్తింపు పొందకుండా వేర్వేరు భాషల చరిత్రలలో అడుగు సూచికలుగా మిగిలిపోయాయి. దీనికి కారణం విమర్శకుల తిరస్కారం. 1711లో 'స్పెక్టేటర్' పత్రికలో జోసెఫ్ ఆడిసన్ ఇటువంటి రచనలను మిథ్యా చాతుర్యంగా పరిగణించాడు. తిరస్కరించబడిన రచనలను ఎవరూ పట్టికలుగా చేర్చరు. పట్టికలు లేనందువల్ల అవి అరుదైన వింతలుగా కనిపిస్తాయి. ఈ వలయాన్ని ఛేదించడమే హిగ్గిన్స్ సాధించిన పని. ఒక్కొక్కటిగా చూస్తే చమత్కారంగా తోచేవి, ఒకచోట చేర్చి చూస్తే సంప్రదాయంగా దర్శనమిస్తాయి.

ఈ గ్రంథంలో భారతీయ విభాగానికి విశేష ప్రాధాన్యం ఉంది. 'ఫిగరేటివ్ పొయెట్రీ ఇన్ సాంస్క్రిట్ లిటరేచర్' (1975) గ్రంథకర్త కళానాథ్ ఝా సంస్కృత చిత్రకావ్యాలను పాశ్చాత్య ఆకృతి కవితలతో పోల్చుతూ రాసిన వ్యాసాన్ని హిగ్గిన్స్ ఇందులో చేర్చాడు. ప్రయోగకవి అన్వేషణ ఈ విధంగా అలంకారశాస్త్రం వద్దకు చేరింది.

తెలుగు బంధకవిత్వానికి అన్వయం

ఆడిసన్ తీర్పుకు భారతీయ అలంకారశాస్త్రంలో సమాంతరం ఉంది. ఆనందవర్ధనుడు చిత్రాన్ని ముఖ్యకావ్యంగా అంగీకరించక కావ్యానుకరణంగా భావించాడు. మమ్మటుడు దానిని అవరకావ్యంగా వర్గీకరించాడు. అయినా కవులు దానిని విడిచిపెట్టలేదు. భారవి, మాఘుడు తమ మహాకావ్యాలలో ఒక్కొక్క సర్గను చిత్రరచనకు కేటాయించారు. తెలుగు సంప్రదాయం ఆశు, మధుర, విస్తర కవిత్వాల సరసన చిత్రకవిత్వానికీ స్థానమిచ్చింది. పదిహేడవ శతాబ్దికి చెందిన గణపవరపు వేంకటకవి 'ప్రబంధరాజ వేంకటేశ్వర విజయ విలాసము' ఈ కోవలో ప్రసిద్ధం.

పాశ్చాత్య ఆకృతి కవితకూ బంధానికీ నిర్మాణంలో భేదం ఉంది. హెర్బర్ట్ రెక్కల కవితలో పంక్తుల నిడివి తగ్గుతూ పెరుగుతూ ఆకారం ఏర్పడుతుంది, చూడగానే రూపం తెలుస్తుంది. బంధంలో పద్యం నియత ఛందస్సులోనే ఉంటుంది. అక్షరాలను పటంలో నిలిపినప్పుడే రూపం బయటపడుతుంది. శార్దూల విక్రీడితంలో కూర్చిన ఆరు ఆకుల చక్రబంధాన్ని పరిశీలిస్తే, పందొమ్మిది అక్షరాల పాదాలు మూడు వ్యాసరేఖలుగా నిలుస్తాయి. మూడింటికీ పదవ అక్షరం ఒక్కటే, అదే చక్రనాభి. నాల్గవ పాదం నేమి మీద తిరుగుతుంది. లోపలి వలయాలలో కవి పేరు, కావ్యం పేరు నిక్షిప్తమవుతాయి. తెలుగు కవికి దీనితోపాటు యతిప్రాసల నియమం కూడా ఉంది. దీనిని హిగ్గిన్స్ పరిభాషలో చెప్పాలంటే శ్రవ్యానికీ దృశ్యానికీ నడిమి రచన. చెవికి వినబడేది పద్యం, కంటికి కనబడేది చక్రం, రెండింటికీ అక్షరసామగ్రి ఒక్కటే.

ఝా వ్యాసం సంస్కృత పరిధిలోనిది. తెలుగు బంధాలను కవి, కాలం, ఛందస్సు, బంధభేదం, ప్రతిస్థానం అనే అంశాలవారీగా ఆ పద్ధతిలో పట్టికలుగా కూర్చడం తెలుగు పరిశోధకుల బాధ్యత. ఇందుకు రాతప్రతులే శరణ్యం. బంధకవిత్వం గల నన్నెచోడుని 'కుమారసంభవము' తంజావూరు ప్రతి ఆధారంగా 1909లో మానవల్లి రామకృష్ణకవి ప్రకటించేవరకు ఆధునిక పాఠకులకు అందలేదన్న సంగతి ఇక్కడ స్మరణీయం. పద్యాన్ని మాత్రమే ముద్రించి పటాన్ని వదిలివేస్తే బంధంలో సగం నశించినట్లే. కాబట్టి తాళపత్రాలలో, తొలి ముద్రణలలో ఉన్న పటాలను పాఠంలో భాగంగానే పరిగణించి పరిష్కరించాలి.

ముగింపు

హిగ్గిన్స్ పత్రాలు భద్రమైనందువల్లనే అతని ప్రచురణ, సిద్ధాంతం, పరిశోధన ఒకే అన్వేషణలోని మూడు దశలని నిర్ధారించడం సాధ్యమవుతున్నది. కొత్త దృశ్యకవిత్వాన్ని ప్రచురించినవాడు దానికి పేరు వెదికాడు. పేరు దొరికిన తరువాత దాని పూర్వికులను వెదికాడు. ఒక రచనాప్రక్రియను అధమమని నిర్ణయించడం విమర్శకుని హక్కు. కాని ఆ నిర్ణయం ఆధారాల నాశనానికి కారణం కాకూడదు. తెలుగు చిన్న ప్రచురణకర్తల ఉత్తరాలు, కరపత్రాలు, ప్రూఫులు సేకరించడం, బంధకవిత్వ ప్రతులను పటాలతో సహా నమోదు చేయడం అనే రెండు పనులూ ఈ దృష్టితో చేపట్టవలసినవి. సేకరణ పూర్తయిన తరువాతనే విలువ నిర్ణయానికి ప్రామాణికత చేకూరుతుంది.