విశ్వవిద్యాలయాల్లో వీడియో సమావేశ సాధనాల ఎంపిక

విశ్వవిద్యాలయం వీడియో సమావేశ సాధనాన్ని ఎంచుకునేటప్పుడు చూడాల్సింది క్యాంపస్ వైఫై వేగం కాదు, దూరాన ఉన్న విద్యార్థి ఫోన్. 2008లో మచిలీపట్నంలో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయానికైతే కృత్తివెన్ను వంటి తీర మండలమే కొలబద్ద. సిగ్నల్ తగ్గి అధ్యాపకుడి బొమ్మ ఆగిపోయినా మాట వినబడాలి, పలక మీది రాత కనబడాలి. ఉచిత సేవలు చాలవా అంటే, ఉచిత జూమ్ సమావేశం 40 నిమిషాలకే ముగుస్తుంది. గంట పాఠం మధ్యలో తెగుతుంది. దీనికి బదులు, కెనడాలోని కార్లెటన్ విశ్వవిద్యాలయంలో 2007లో మొదలైన వీడియో తరగతుల సాధనం బిగ్‌బ్లూబటన్‌ను సొంత సర్వర్‌పై నడుపుకోవచ్చు. రికార్డింగులూ సంస్థ చేతిలోనే ఉంటాయి. నిర్వహణకు నిపుణులు కావాలన్న అభ్యంతరం న్యాయమైనదే. నిపుణులు లేనిచోట డబ్బు కట్టి సేవ కొనడమే మేలు. ఏది ఎంచుకున్నా, తప్పిపోయిన పాఠాన్ని తర్వాత తక్కువ డేటాతో వినగలిగే వీలు ఉండి తీరాలి.