పిల్లలపై లైంగిక హింస: రాజీ కాదు, రెండు చట్టాలూ కావాలి

ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. విత్తనాలు, బెరడు, ఆకుల నుంచి తీసిన రంగులు వేస్తారు కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకున్నా ప్రమాదం లేదని వీటికి పేరు. బొమ్మ విషయంలో ఇంత జాగ్రత్తపడే మనం, బిడ్డ ఒంటిమీద చెయ్యి వేసే మనిషి గురించి మాత్రం నోరు విప్పం. ఈ మౌనం ఏ ఒక్క ఊరిదో కాదు.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనంలో 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. వారిలో సగానికి పైగా మగపిల్లలు. వేధించినవాళ్లలో దాదాపు సగం మంది ఆ పిల్లలకు బాగా తెలిసినవాళ్లే. కాబట్టి 'కొత్తవాళ్లతో జాగ్రత్త' అని చెప్పి ఊరుకుంటే చాలదు. ఎవరు ముట్టుకున్నా ఇష్టం లేకపోతే వద్దనవచ్చని, ఎవరైనా 'ఇంట్లో చెప్పకు' అంటే అదే ముందు చెప్పాలని నేర్పాలి. బిడ్డ చెప్పినప్పుడు నమ్మాలి. తప్పు నీది కాదని చెప్పాలి. వైద్య పరీక్ష అయ్యేదాకా స్నానం చేయించకూడదు, బట్టలు ఉతకకూడదు.

పోక్సో చట్టం 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది. 18 ఏళ్లలోపు ఆడ, మగ పిల్లలందరికీ వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గర లేదా బిడ్డ కోరిన చోట, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. కార్యకర్తలుగా మనమూ ఒకటి గుర్తుంచుకోవాలి: నిరసన ఫ్లెక్సీలో, వాట్సాప్‌లో బిడ్డ పేరు, ఫొటో, బడి, ఇల్లు బయటపెట్టడం నేరం.

బాధిత బిడ్డ దళితులై, నిందితుడు ఎస్సీ, ఎస్టీ కాకపోతే ఎఫ్ఐఆర్‌లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా ఉండాలి. ఎందుకో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన పఠాన్ జమాల్ వలీ కేసు చెబుతుంది. చూపులేని దళిత యువతిపై 2011లో జరిగిన అత్యాచారం అది. 2021లో సుప్రీంకోర్టు జీవిత ఖైదును ఖాయం చేసింది గానీ, కులం కారణంగానే నేరం జరిగిందనడానికి వేరే సాక్ష్యం లేదని ఈ చట్టం కింద పడిన శిక్షను కొట్టేసింది. 2016 జనవరి 26 నుంచి చట్టం మారింది. బాధితులు దళితులని తెలిసి చేస్తే చాలు. నిందితుడికి ఆ కుటుంబం తెలిసి ఉంటే, కులం కూడా తెలుసనే కోర్టు భావించాలి. అందుకే ఫిర్యాదులోనే కులం, నిందితుడితో ఉన్న పరిచయం రాయించాలి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. అత్యాచారం కేసులో 5 లక్షల పరిహారంలో సగం వైద్య పరీక్షలో నిర్ధారణ అయ్యాకే అందాలి; మిగతాది చార్జిషీటు, తీర్పు దశల్లో.

ఇక పెద్దమనుషుల రాజీ. పరువు పోతుందని, పెళ్లి కాదని, కూలిపని ఇవ్వరని భయపెట్టి డబ్బుతో నోరు మూయిస్తారు. రాజస్థాన్‌లోని గంగాపూర్ సిటీలో 2022లో ఒక బడి పంతులుపై పోక్సోతో పాటు అట్రాసిటీ సెక్షన్ల కింద కేసు నమోదైంది. బాలిక తండ్రితో రాజీ కుదిరిందని చూపి అతను హైకోర్టులో ఎఫ్ఐఆర్ కొట్టేయించుకున్నాడు. కేసుతో నేరుగా సంబంధం లేని ఇద్దరు స్థానికులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 నవంబర్ 7న కోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. ఇలాంటి నేరం ఇరుపక్షాల మధ్య సొంత తగాదా కాదని, రాజీతో ముగియదని తేల్చింది. తండ్రి వెనక్కి తగ్గినా పొరుగువాళ్లు నిలబడవచ్చని ఆ ఇద్దరూ చూపించారు.

పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112, అట్రాసిటీ ఫిర్యాదుకు 14566, ఉచిత న్యాయ సహాయానికి 15100. ఈ నాలుగు నంబర్లూ ప్రతి పేటలో అంగన్‌వాడీ గోడమీద, అంబేద్కర్ విగ్రహం దగ్గర రాయిద్దాం. పక్కింటి బిడ్డకు జరిగినా మన బిడ్డకు జరిగినట్టే స్టేషన్‌కు వెంట నడుద్దాం.