ఆజ్ఞాచక్రం, మూడవ కన్ను, పీనియల్ గ్రంథి: మూడు చరిత్రలు కలిసిన తీరు

భ్రూమధ్యంలో ఆజ్ఞాచక్రం ఉన్నదనీ, అదే శివుని మూడవ కన్ననీ, దానినే ఆధునిక వైద్యం పీనియల్ గ్రంథి అంటున్నదనీ మీలో చాలామంది వినే ఉంటారు. ఈ మూడు మాటలనూ ఒకే దారానికి గుచ్చి చెప్పడం నేడు ఎంత మామూలైపోయిందంటే, మన ప్రాచీన గ్రంథాలలోనే ఇవి ఇలా కలిసి ఉన్నాయని అనేకులు నమ్ముతున్నారు. నిజానికి వీటి చరిత్రలు వేర్వేరు. అవి ఒకచోట కలిసింది 19వ శతాబ్దపు చివరిలో మాత్రమే. ఇది పండితుల చర్చకే పరిమితమైన విషయమైతే ఈ వ్యాసం అవసరం లేకపోయేది. కానీ ఈ కలయికను నమ్మి సూర్యుని వైపు కళ్లార్పకుండా చూసేవారు, తలనొప్పిని ‘కన్ను తెరుచుకోవడం’గా భావించి పరీక్షలు వాయిదా వేసేవారు ఉన్నారు. కనుక ఎవరు, ఎప్పుడు, ఏమి చెప్పారో క్రమంగా చూద్దాం.

గ్రంథాలలో భ్రూమధ్యం

కనుబొమల నడిమి చోటుకు ధ్యానంలో ప్రాముఖ్యం చాలా పాతది. భగవద్గీత 5వ, 8వ అధ్యాయాలలో దృష్టినీ ప్రాణాన్నీ భ్రూమధ్యాన నిలపడం గురించి ఉంది. జాబాలోపనిషత్తు మరొక అందమైన భావన చేసింది. వరణ, నాసి అనే రెండింటి నడుమ ఉన్న అవిముక్త క్షేత్రం, అంటే కాశి, మన దేహంలో ఎక్కడున్నదని ప్రశ్నించి, కనుబొమలూ ముక్కూ కలిసే చోటేనని సమాధానమిచ్చింది. అయితే ఈ రెండు గ్రంథాలలోనూ భ్రూమధ్యం ఉన్నదే కాని, రెండు దళాల పద్మం లేదు, ఆజ్ఞాచక్రమన్న పేరూ లేదు.

చక్రాల వ్యవస్థ తాంత్రిక సాహిత్యంలో రూపుదిద్దుకున్నది. అక్కడ కూడా అందరి లెక్క ఒకటి కాదు. మత్స్యేంద్రనాథుని పేరున ప్రసిద్ధమైన కౌలజ్ఞాననిర్ణయం ఒక తీరుగా చెబితే, నేత్రతంత్రం మరొక తీరుగా చెప్పింది. నేడు మనకు తెలిసిన మూలాధారం నుంచి ఆజ్ఞ వరకు గల ఆరు చక్రాల క్రమం సుమారు వేయి సంవత్సరాల క్రితపు కుబ్జికామత తంత్రంలో కనిపిస్తుంది. తరువాత హఠయోగ గ్రంథాలు దానిని స్వీకరించి వ్యాప్తి చేశాయి. 1577లో వంగదేశీయుడైన పూర్ణానందుడు రచించిన షట్చక్రనిరూపణం ఈ వర్ణనలన్నింటిలోకీ ప్రసిద్ధి పొందింది. అందులో ఆజ్ఞాచక్రం రెండు దళాలది, ఆ దళాలపై హ, క్ష అక్షరాలు, అధిదేవత హాకిని, వర్ణం చంద్రునివంటి తెలుపు. నేటి చిత్రపటాలలో కనిపించే ఇంద్రధనుస్సు క్రమం, అందులో ఆజ్ఞకు కేటాయించిన నీలివర్ణం 20వ శతాబ్దంలో పాశ్చాత్య దేశాలలో జరిగిన చేర్పులు.

‘ఆజ్ఞ’ అంటే ఆదేశం. గురువు ఆదేశం సాధకునికి అందే స్థానమని సంప్రదాయ వివరణ. మీరు ఇక్కడ గమనించవలసింది ఒకటున్నది. ఈ గ్రంథాలు సాధకునికి ‘ఈ చోట ఈ పద్మాన్ని, ఈ అక్షరాన్ని, ఈ దేవతను భావించు’ అని చెబుతున్నాయి. అది భావనకు ఇచ్చిన పటం. శవాన్ని కోసి చూసి రాసిన వర్ణన కాదు.

ఇక శివుని ఫాలనేత్రం కథ పురాణాలది, కావ్యాలది. మన్మథుని దహించిన ఆ కంటిని సంస్కృతంలో కాళిదాసు, తెలుగులో నన్నెచోడుడు తమ కుమారసంభవాలలో వర్ణించారు. ‘ముక్కంటి’ అన్న మాట తెలుగువారి నాలుకపై ఎప్పటినుంచో ఉన్నది. కాని ముక్కంటి కథ చెప్పిన మన కవులెవరూ మెదడులోని గ్రంథి గురించి చెప్పలేదు.

సుశ్రుతుడు చెప్పినది

అదే భ్రూమధ్యాన్ని మన ప్రాచీన శస్త్రవైద్యులు వేరొక దృష్టితో చూశారు. సుశ్రుతసంహితలో చెప్పిన 107 మర్మాలలో ‘స్థపని’ ఒకటి. దాని చోటు సరిగ్గా కనుబొమల నడుమ. అది ‘విశల్యఘ్న’ వర్గానికి చెందినది. అంటే అక్కడ గుచ్చుకున్న శల్యం ఉన్నంతసేపు మనిషి బతికి ఉంటాడు, దానిని పెరికివేస్తే మరణిస్తాడని అర్థం. చక్రాల ప్రసక్తి లేకుండా, గాయపడినవారిని చూసిన వైద్యుని మాటగా దీనిని చదవండి. లోతుగా గుచ్చుకున్న ఇనుప చువ్వనో, కత్తినో ప్రమాదస్థలంలో లాగివేయరాదనీ, కదలకుండా నిలిపి ఆసుపత్రికి చేర్చాలనీ నేటి ప్రథమచికిత్సలోనూ నేర్పుతారు. లోపలి రక్తస్రావాన్ని ఆ వస్తువే అదిమి ఆపుతూ ఉండవచ్చు.

రెండు దారులు కలిసిన సంవత్సరం

పీనియల్ గ్రంథి కథ గ్రీకు వైద్యంలో మొదలవుతుంది. దేవదారు జాతి చెట్ల కాయను పోలి ఉండడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. 2వ శతాబ్దపు వైద్యుడు గేలెన్ దానిని వర్ణించాడు. మెదడులో ప్రాణశక్తి ప్రవాహాన్ని అదే నియంత్రిస్తుందన్న వాదాన్ని తిరస్కరించాడు కూడా. 1649లో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ ఆత్మకు ముఖ్యస్థానం అదేనని రాశాడు. మెదడులో తక్కిన భాగాలు జంటలుగా ఉండగా అది ఒక్కటే ఉన్నదన్నది ఆయన తర్కం.

1886లో ఒక వింత బయటపడింది. న్యూజిలాండులోని టువటారా అనే సరీసృపం నడినెత్తిన చర్మం కింద కటకం, రెటీనా ఉన్న మూడవ కన్ను ఉన్నదని బాల్డ్విన్ స్పెన్సర్ వివరించాడు. అది పీనియల్‌కు సంబంధించిన నిర్మాణమే. రెండేళ్లకే, 1888లో, దివ్యజ్ఞాన సమాజ స్థాపకులలో ఒకరైన బ్లావట్‌స్కీ తన ‘సీక్రెట్ డాక్ట్రిన్’లో ఈ శాస్త్రవార్తను మూడవ కంటి కథతో ముడివేసింది. ఒకప్పుడు మానవునికి పనిచేసే మూడవ కన్ను ఉండేదనీ, అది క్షీణించి పీనియల్ గ్రంథిగా మిగిలిందనీ ఆమె వాదం. మద్రాసు దగ్గరి అడయారులో కేంద్రం గల ఆ సమాజం ద్వారా ఈ మాట లోకమంతా పాకింది. ‘ప్రాచీన ఋషుల మాట’గా మనం తిరిగి వింటున్నది ఈ 1888 నాటి సమన్వయాన్నే.

దీనికి ముందే ఒక సాధువు ఈ ప్రశ్నను కత్తితో పరీక్షించాడు. ఆర్యసమాజ స్థాపకుడు దయానంద సరస్వతి యువకుడిగా సంచరిస్తున్న రోజులలో, గంగలో కొట్టుకొచ్చిన శవాన్ని ఒడ్డుకు లాగి కోసి, తన వద్దనున్న గ్రంథాలలోని చక్రవర్ణనతో పోల్చి చూశాడు. ఏదీ సరిపోలలేదు. ఆ పుస్తకాలను చించి, శవంతోపాటే నదిలో వేశాడు. ఆయన చెప్పిన ఈ ఆత్మకథ 1879-80లో అచ్చయిన పత్రిక ‘థియోసఫిస్ట్’. దాని సంపాదకురాలు బ్లావట్‌స్కీయే! మరోవైపు షట్చక్రనిరూపణాన్ని 1919లో ఆంగ్లంలోకి తెచ్చిన కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి జాన్ వుడ్రోఫ్, చక్రాలను నాడీగుచ్ఛాలతో సమానం చేయరాదని హెచ్చరించాడు. ఒకరు చక్రాలను తిరస్కరించినవారు, మరొకరు గౌరవించినవారు. అయినా కోసి చూస్తే కనబడే వస్తువు కాదన్న విషయంలో ఇద్దరి మాటా ఒకటే.

ఆ గ్రంథి చేసే పని

పీనియల్ గ్రంథి భ్రూమధ్యంలో లేదు. నుదుటి ఎముక వెనుక ఉన్నవి గాలి గదులు, ఆపైన మెదడు ముందుభాగం. పీనియల్ మెదడు నడుమ, బాగా లోతున, బఠాణీగింజ కంటె చిన్నదిగా ఉంటుంది. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో చర్మవైద్యుడు ఆరన్ లెర్నర్ పశువుల పీనియల్ గ్రంథుల నుంచి మెలటోనిన్ అనే హార్మోనును వేరుచేశాడు. అది చీకటి పడ్డాక ఊరుతుంది, శరీరానికి రాత్రి వచ్చిందని చెబుతుంది. మనిషిలో ఈ గ్రంథి వెలుగును స్వయంగా చూడలేదు. మన రెండు కళ్లే వెలుగు కబురును హైపోథాలమస్‌కు, అక్కడినుంచి వెన్నుపాము, మెడలోని నాడీగ్రంథి మీదుగా పీనియల్‌కు చేరవేస్తాయి.

‘పీనియల్‌కు సున్నం పట్టింది, శుద్ధి చేయించుకోండి’ అన్న ప్రకటనలు మీరు చూసి ఉంటారు. వయసుతో పాటు ఆ గ్రంథిలో కాల్షియం చేరడం చాలామందిలో సహజంగా జరిగేదే. సి.టి. స్కాన్ రాకముందు ఆ తెల్లని చుక్కే మాకు ఎక్స్‌రేలో గుర్తు. అది నడిమి గీతనుంచి పక్కకు జరిగి కనిపిస్తే, లోపల గడ్డగాని రక్తస్రావంగాని ఉండవచ్చునని అనుమానించేవాళ్లం. దానిని కరిగించే శుద్ధిచికిత్స ఏదీ వైద్యశాస్త్రంలో నిరూపితం కాలేదు.

మీరు గుర్తుంచుకోవలసినవి

సూర్యుని సూటిగా చూడకండి, పిల్లలను చూడనివ్వకండి. హఠయోగ ప్రదీపికలోని త్రాటకం ఒక చిన్న గుర్తుపై చూపు నిలిపే సాధన. సూర్యకాంతి రెటీనాను కాల్చగలదు. రెటీనాకు నొప్పి తెలియదు కనుక, నష్టం జరిగాక కొన్ని గంటలకు చూపు మసకబారితేగాని తెలియదు. కొందరిలో ఆ మచ్చ శాశ్వతంగా మిగిలిపోతుంది.

కళ్లకు గంతలు కట్టి పిల్లలచేత పుస్తకం చదివిస్తామనే శిక్షణలకు డబ్బు పోయకండి. ముక్కు పక్క సందులోంచి చూడడం కష్టమేమీ కాదు. పిల్లలకు అబద్ధం అలవాటు చేయడమే అందులోని అసలు నష్టం.

కొత్తగా వచ్చి నానాటికీ పెరిగే తలనొప్పి, ఉదయం లేవగానే వాంతి, ఒకటి రెండుగా కనిపించడం, కళ్లు పైకెత్తి చూడలేకపోవడం, మొదటిసారి మూర్ఛ: వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా వైద్యుని కలవండి. కళ్లు పైకెత్తలేకపోవడం పీనియల్ ప్రాంతపు గడ్డలలో కనిపించే ముఖ్య లక్షణం. మెరుపుగీతలు, వెలుగు వలయాలు మైగ్రేనులోనూ, రెటీనా వ్యాధులలోనూ కనిపిస్తాయి. ధ్యానం మొదలుపెట్టామని మూర్ఛ మాత్రలు, రక్తపోటు మాత్రలు మానివేయకండి.

ధ్యానం చేయవద్దని నేననడం లేదు. భ్రూమధ్యాన మనసు నిలిపి ప్రశాంతంగా కూర్చోవడం వేల ఏళ్ల సంప్రదాయం, దానికి గ్రంథి సాక్ష్యం అవసరం లేదు. పీనియల్‌కు మీరు చేయగల మేలు మాత్రం చాలా సులభమైనది: రాత్రి వేళకు దీపాలు ఆర్పి, ఫోను పక్కనపెట్టి, చీకటిలో నిద్రపోవడం.