అభ్రంకషము

న్యూయార్కు నగరమున 1931లో వెలసిన ఎంపైర్ స్టేట్ భవనపు 86వ అంతస్తున, ఉక్కుకమ్ముల యావరణము నానుకొని నిలిచి, హడ్సను నదిని, దాని కావలి న్యూజెర్సీ తీరమును చూడనెంచిన సందర్శకునికి ఒక్కొకనాడు మబ్బులు తప్ప మఱేమియు కానరాదు. అట్టి కట్టడమును మన పత్రికలు ఆకాశహర్మ్యమనుచున్నవి. హర్మ్యమనగా ధనికుల నివాసమని అమరసింహుడు చెప్పెను. ఈ భవనమో ప్రధానముగా కార్యాలయముల పుట్ట. ఆంగ్లమున స్కైస్క్రేపరను మాట ఓడ తెరచాపలలో మీదిదానికిని, పొడగరి మనుష్యునికిని చెల్లి, పిమ్మట 1880ల నాటి షికాగోలో ఎత్తైన మేడల కంటుకొన్నది. ఆకాశమును గీరునదని దాని యర్థము. ఇంచుమించుగా ఆ భావమునే, మేఘముల నొరయునదని, చెప్పు అభ్రంకషమను సంస్కృతపదము మనకు ఏనాడో యున్నది. ఒడ్డుల నొరయు నది కూలంకషయగుటయు, మబ్బుల నొరయు సౌధము అభ్రంకషమగుటయు పాణిని యొక్క సూత్రముననే సాధించెను. కూలంకషముగా చర్చించుట నేటికిని మన నోళ్ల నానుచున్నది గాని, పాపము, దాని తోబుట్టువు నిఘంటువులకును ప్రబంధములకును పరిమితమైపోయినది. నోరు తిరుగుట కొంచెము కష్టమే యైనను, ఆ కట్టడమునకు తగిన పేరు అభ్రంకషమే.