అడిగినవారిదే ఖర్చు: బులెటిన్ బోర్డుల కాలంలో స్వయంచాలిత ఫైలు అభ్యర్థన

బులెటిన్ బోర్డు వ్యవస్థల చరిత్రలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేవి వాటిలో సాగిన చర్చలు, వాదవివాదాలు, స్నేహాలు. ఆ వ్యవస్థలను నడిపినవారు తమ కంప్యూటర్లలో రాసిపెట్టుకున్న అమరిక ఫైళ్ళను చారిత్రక ఆధారాలుగా చదివే ప్రయత్నం తక్కువ. అయితే ఎవరికి ఏ ఫైలు ఇవ్వవచ్చు, ఎంతసేపు ఇవ్వవచ్చు, ఆ టెలిఫోను కాలుకు డబ్బు ఎవరు కట్టాలి అన్న ప్రశ్నలకు నాటి సమాజం ఇచ్చుకున్న సమాధానాలు ఆ అమరికలలోనే స్పష్టంగా కనిపిస్తాయి. ఉత్తరం రాసి ఫైలు తెప్పించుకునే పద్ధతి ఇందుకు మంచి నిదర్శనం. ఒకే కాలంలో ఈ పద్ధతి రెండు దారులలో ఎదిగింది. రెండింటిలోనూ యంత్రం చేసే పని ఒకటే అయినా, ఖర్చు మోసే భుజాలు వేరు. వాటి గతులు వేరు కావడానికి ప్రధాన కారణం ఈ తేడాయే.

వార్డ్ క్రిస్టెన్‌సన్, రాండీ స్యూస్ షికాగోలో 1978 ఫిబ్రవరిలో ప్రారంభించిన సీబీబీఎస్ ఈ తరహా వ్యవస్థలలో మొదటిది. ఒక కంప్యూటరు, ఒక మోడెమ్, ఒక టెలిఫోను లైను – అంతే దాని సరంజామా. లైను ఒకటే కనుక ఒకరు మాట్లాడుతుండగా మరొకరికి ప్రవేశం లేదు. తర్వాతి సంవత్సరాలలో వెలసిన వేలాది బోర్డులలోనూ అధిక భాగానికి ఈ పరిమితి తప్పలేదు. ఫైలు కావలసిన వ్యక్తి లైను దొరికేదాకా డయల్ చేయాలి, పేరు, సంకేతపదం చెప్పాలి, పట్టికలు తిరగేయాలి, ఫైలు దిగేదాకా కంప్యూటరు ముందు కూర్చోవాలి. సెకనుకు 2400 బిట్ల మోడెమ్‌తో సుమారు 240 అక్షరాలు వస్తాయి. 300 కిలోబైట్ల ఫైలు ఈ లెక్కన దాదాపు 21 నిమిషాలు పడుతుంది. అది స్థానిక కాలు కాకపోతే ఆ 21 నిమిషాలూ దూరప్రాంతపు ధరే.

టామ్ జెన్నింగ్స్ 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిడోనెట్‌ను ప్రారంభించినప్పుడు ఆయన ముందున్న సమస్య ఫైళ్ళది కాదు, ఉత్తరాలది. ఆయనకూ, బాల్టిమోర్‌లో అదే ఫిడో సాఫ్ట్‌వేరును నడుపుతున్న జాన్ మాడిల్‌కూ మధ్య సందేశాలు రాత్రిపూట, కాలు ధర తక్కువగా ఉన్న వేళ, మనిషి ప్రమేయం లేకుండా చేరాలన్నదే ఆశయం. నోటిలో ఫ్లాపీ డిస్కు కరచుకున్న కుక్క బొమ్మను మాడిల్ అక్షరాలతో గీశారు. నెట్‌వర్కుకు అది చిహ్నమై నిలిచింది. యజమాని విసిరిన వస్తువును కుక్క వెనక్కు తెచ్చినట్లు కోరిన ఫైలును యంత్రమే తెచ్చిపెట్టడం ఆ తరువాతి దశ. ఆ సదుపాయాన్ని తొలినాళ్ళలో కల్పించిన మెయిలర్లలో ఒకదాని పేరు సీడాగ్ కావడం, అది వాడిన అభ్యర్థన పద్ధతికి 'బార్క్' అంటే మొరుగు అనే పేరు స్థిరపడటం ఆ బృందాల హాస్యప్రియత్వానికి గుర్తు.

ఫిడోనెట్‌లో ఫైలు అభ్యర్థన బయటికి మామూలు ఉత్తరంలాగే ఉండేది. గ్రహీత చిరునామా, అంటే జోన్, నెట్, నోడ్ సంఖ్యలు రాయాలి. 'విషయం' అన్న పంక్తిలో విషయానికి బదులు కావలసిన ఫైళ్ళ పేర్లు రాయాలి. ఉత్తరానికి ఉండే లక్షణాలలో 'ఫైలు అభ్యర్థన' అన్న గుర్తు పెట్టాలి. ఇక రాసినవారు నిద్రపోవచ్చు. మెయిలర్ అనే ప్రోగ్రాము ఆ గుర్తును చూసి, నిర్ణీత సమయంలో అవతలి బోర్డుకు డయల్ చేసి, ఫైళ్ళు తెచ్చి ఒక డైరెక్టరీలో పెట్టేది. విన్ వాగ్నర్ రూపొందించిన ఓపస్ సాఫ్ట్‌వేరుతో వచ్చిన వాజూ పద్ధతిలో ఈ పని మరింత సులువైంది. కోరికల జాబితా ఒక చిన్న అక్షర ఫైలుగా మారేది. నెట్, నోడ్ సంఖ్యలను షోడశాంశ అంకెలలో నాలుగేసి స్థానాలుగా పేర్చి, చివర 'రెక్' అన్న తోక తగిలిస్తే అదే దాని పేరు. అందులో పంక్తికొక ఫైలు పేరు ఉండేది. సంకేతపదం అవసరమైతే పేరు పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి రాసేవారు. తమ దగ్గరున్న ప్రతికన్నా కొత్తది ఉంటేనే పంపమని కోరడానికి ప్లస్ గుర్తు, దాని వెంట కాలసంఖ్య ఉండేవి. ఈ చివరి సదుపాయం చిన్నదిగా కనిపించినా అనవసరపు కాలు ధరను తప్పించేది.

ఇవ్వవలసిన వైపున అమరిక మరింత ఆలోచనతో కూడిన పని. బింక్లీటెర్మ్, ఫ్రంట్‌డోర్ వంటి మెయిలర్లను నడిపే నిర్వాహకుడు ముందుగా ఏయే డైరెక్టరీలు బయటివారికి తెరిచి ఉంటాయో ఒక జాబితాలో రాయాలి. అందులో లేని డైరెక్టరీ ఉన్నట్లే యంత్రం చెప్పదు. తర్వాత 'మాయ పేర్లు' నిర్ణయించాలి. ఫైలు అసలు పేరులో సంచిక సంఖ్య మారుతూ ఉంటుంది కనుక అడిగేవారికి అది తెలియదు. అందుచేత 'ఫైల్స్' అని అడిగితే బోర్డులోని మొత్తం జాబితా, 'నోడ్‌లిస్ట్' అని అడిగితే ఆ వారపు సభ్యసూచిక చేరేట్లు ఒక మారుపేరును అసలు ఫైలుకు ముడివేసేవారు. కొత్త సంచిక వచ్చినప్పుడు ముడి మారుతుంది, పేరు మారదు. ఎక్కడో ఊరిలో ఉన్న అపరిచితుడు ముందస్తు సంప్రదింపు లేకుండా ఒక బోర్డును పలకరించగలగడానికి ఈ మాయ పేర్లే ఆధారం. ఊరు పేరు తెలియని బాటసారికి సత్రం ఎలా ఉపయోగపడుతుందో ఇవీ అలా ఉపయోగపడ్డాయి.

ఆ తర్వాత హద్దులు రాయాలి. ఒక్క కాలులో ఎన్ని ఫైళ్ళు, ఎన్ని బైట్లు, ఎన్ని నిమిషాలు? నోడ్‌లిస్టులో పేరున్న బోర్డులకే ఇవ్వాలా, ఎవరికైనా ఇవ్వవచ్చా? సంకేతపదంతో గుర్తించిన సన్నిహిత బోర్డులకు వేరే హద్దు ఉండాలా? ఈ మూడు తరగతులనూ – అపరిచితులు, జాబితాలో ఉన్నవారు, సంకేతపదం ఉన్నవారు – వేరువేరు జాబితాలతో, పరిమితులతో చూసే వీలును బింక్లీటెర్మ్ కల్పించింది. ఇది సాంకేతిక వర్గీకరణలా కనిపించినా నిజానికి ఆతిథ్యమర్యాదల పట్టిక. ఇంటి అరుగు ఎవరికి, పడసాల ఎవరికి, వంటిల్లు ఎవరికి అన్న తేడా ఇందులో ఉంది.

ఈ ఆతిథ్యానికి ఒక గంట మినహాయింపు. ప్రతి జోన్‌లో రోజుకు ఒక గంట ఉత్తరాల మార్పిడికే కేటాయించబడింది. ఉత్తర అమెరికాలో అది సార్వత్రిక సమయం 09:00 నుంచి 10:00 వరకు, ఐరోపాలో 02:30 నుంచి 03:30 వరకు. ఆ గంటలో ఫైలు అభ్యర్థనలను తీర్చకుండా మెయిలర్‌ను అమర్చడం నిర్వాహకుని విధి. ఒక్కరు పెద్ద ఫైలు తెచ్చుకుంటూ లైను పట్టుకుంటే పదిమంది ఉత్తరాలు ఆగిపోతాయి. ఉత్తరం స్వీకరించడం సభ్యత్వపు బాధ్యత, ఫైలు ఇవ్వడం మర్యాద అన్న భేదం ఫిడోనెట్ నిబంధనలలో ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైన అంశం మరొకటి. మామూలు నెట్‌మెయిల్ ఉత్తరాన్ని మధ్యలోని కేంద్రాల మీదుగా చేతులు మార్చుకుంటూ పంపవచ్చు. అభ్యర్థన అలా ప్రయాణించదు. అడిగే బోర్డే ఇచ్చే బోర్డుకు నేరుగా డయల్ చేయాలి, అదే కాలులో ఫైలు తెచ్చుకోవాలి. టెలిఫోను బిల్లు అడిగినవారికే వస్తుంది. ఇచ్చేవారు కోల్పోయేది తమ లైను ఖాళీ సమయాన్ని మాత్రమే. కోరికకు దాని ధరే కళ్ళెమైంది. ఒక వ్యక్తి వంద ఫైళ్ళు అడగదలిస్తే అడ్డుకోవలసిన అవసరం లేదు, నెలాఖరున ఆయనకే తెలిసివస్తుంది.

ఇదే కాలంలో విశ్వవిద్యాలయాల నెట్‌వర్కులలో రెండో దారి తెరుచుకుంది. జాక్ డొంగారా, ఎరిక్ గ్రోస్ 1985లో మొదలుపెట్టిన నెట్‌లిబ్ గణితశాస్త్ర ప్రోగ్రాములను ఈమెయిల్ ద్వారా పంచింది. ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలోను, బెల్ ల్యాబ్స్‌లోను ఉన్న యంత్రాలకు 'సూచిక పంపు' అన్న అర్థం వచ్చే రెండు ఆంగ్ల పదాలు రాస్తే చాలు, జాబితా తిరుగు టపాలో వచ్చేది. ఎరిక్ థామస్ 1986లో బిట్‌నెట్ కోసం రాసిన లిస్ట్‌సెర్వ్ కూడా ఉత్తరంలోని ఆజ్ఞలను చదివి ఫైళ్ళు పంపేది. తర్వాత ప్రిన్స్‌టన్‌లోని బిట్‌ఎఫ్‌టీపీ, డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ పరిశోధనశాలలో పాల్ విక్సీ నడిపిన ఎఫ్‌టీపీమెయిల్ ఒక అడుగు ముందుకు వేశాయి. అవి తమ వద్ద ఉన్న ఫైళ్ళకే పరిమితం కాక, అడిగినవారి తరఫున ఇంటర్నెట్‌లోని ఏ బహిరంగ భాండారానికైనా వెళ్ళి ఫైలు తెచ్చి ఉత్తరంగా పంపేవి. ఏ నెట్‌వర్కు నుంచి వచ్చినా సరే, ఈమెయిల్ చిరునామా ఒకటి ఉంటే ఇంటర్నెట్ ఉన్నట్లే.

అయితే నాటి ఉత్తరం ఏడు బిట్ల అక్షరాలను మాత్రమే నమ్మకంగా మోయగలదు. ప్రోగ్రాములు, కుదించిన ఫైళ్ళు ఎనిమిది బిట్లవి. మేరీ ఆన్ హార్టన్ 1980లో బర్క్‌లీలో రాసిన యూయూఎన్‌కోడ్ మూడు బైట్లను నాలుగు అచ్చక్షరాలుగా మార్చి ఈ అడ్డంకిని దాటించింది. ఒక్కో పంక్తిలో 45 బైట్లు 60 అక్షరాలవుతాయి. ముందున్న కొలత అక్షరం, పంక్తి చివరి గుర్తు కలిపితే 62. పైన చెప్పిన 300 కిలోబైట్ల ఫైలు ఈ వేషంలో సుమారు 413 కిలోబైట్లవుతుంది, 21 నిమిషాల ప్రయాణం 29 దాటుతుంది. పెద్ద ఉత్తరాలను కొన్ని గేట్‌వేలు ఆపేసేవి కనుక ఎఫ్‌టీపీమెయిల్ దానిని 64,000 అక్షరాల ముక్కలుగా కోసేది. ఏడు ముక్కలలో ఒకటి దారితప్పితే మిగిలిన ఆరూ నిరుపయోగం.

ఈ ఏడు బిట్ల ఇరుకు తెలుగుకూ తెలిసినదే. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన లిప్యంతరీకరణ పద్ధతి, ఆర్‌టీఎస్‌గా ప్రసిద్ధమైనది, తెలుగు పాఠాన్ని రోమన్ అక్షరాలతో, పెద్దబడి చిన్నబడి భేదాన్ని వాడుకుంటూ రాసింది. అలా రాసిన పద్యానికి యూయూఎన్‌కోడ్ అవసరం లేదు, ఏ గేట్‌వే అయినా దానిని చెక్కుచెదరకుండా దాటిస్తుంది. అంటే పాఠం ఉత్తరంలో ఉత్తరంగానే వెళ్ళింది. దానిని తెలుగు లిపిలో చూపే సాధనాలే ఫైళ్ళుగా తెచ్చుకోవలసి వచ్చింది. లిప్యంతరీకరణను కేవలం కీబోర్డు సౌకర్యంగా చూసేవారు ఈ రవాణా కోణాన్ని విస్మరిస్తున్నారు.

ఖర్చు ప్రశ్నకు తిరిగి వస్తే, ఈమెయిల్ అభ్యర్థనలో అడిగినవారు పంపేది రెండు మూడు పంక్తులు. తిరిగి వచ్చేది లక్షలాది అక్షరాలు. ఆ బరువును మోసేది మధ్యలోని యంత్రాలు. అవి విశ్వవిద్యాలయాలను కలిపే అద్దె లైన్ల మీద ఉన్నంతవరకు భారం ఎవరి కంటికీ ఆనలేదు. ఫిడోనెట్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య గేట్‌వేలు ఏర్పడ్డాక కథ మారింది. బోర్డు సభ్యుడొకరు గేట్‌వే మీదుగా ఎఫ్‌టీపీమెయిల్‌కు చిన్న ఉత్తరం రాస్తే, జవాబుగా వచ్చే ముక్కలన్నీ స్వచ్ఛందంగా గేట్‌వే నడుపుతున్న వ్యక్తి టెలిఫోను లైను మీదుగా, తరచూ ఆయన సొంత డబ్బుతో, దిగవలసి వచ్చేది. ఆ సభ్యునికి ఆ సంగతి తెలియనైనా తెలియదు. అందుచేతనే అనేక గేట్‌వేలు ఫైలు సర్వర్లకు ఉత్తరాలు రాయడాన్ని నిషేధించాయి, ఉత్తరం పరిమాణానికి హద్దు పెట్టాయి. ప్రిన్స్‌టన్ బిట్‌ఎఫ్‌టీపీ సైతం తన సేవను బిట్‌నెట్, దాని అనుబంధ నెట్‌వర్కుల సభ్యులకే కుదించుకుంది. దీనిని సంకుచితత్వంగా భావించడం న్యాయం కాదు. సేవ ఉచితమని అడిగినవారు అనుకున్నారు. ఖర్చు కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు.

భారతదేశంలో ఈ రెండు దారులూ సన్నగానే ఉన్నా రెండూ ఉన్నాయి. 1986లో ప్రారంభమైన ఎర్నెట్ ఐఐటీలను, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థను, ముంబయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రాన్ని కలిపింది. తొలిదశలో అక్కడి ఉత్తరాలు డయలప్ మీద, యూయూసీపీ పద్ధతిలో నడిచాయి. ఇటువంటి లైను మీద దూరదేశపు ఫైలు కోసం కూర్చోవడంకన్నా ఉత్తరం రాసి మరునాడు చూసుకోవడమే వివేకం. మరోవైపు అతుల్ చిట్నిస్ 1989లో బెంగళూరులో సిక్స్ అనే బోర్డును నెలకొల్పారు. హైదరాబాదు నుంచి అటువంటి బోర్డును పిలవడమంటే ఎస్‌టీడీ కాలు. రాత్రి రాయితీ వేళ మనిషికి బదులు మెయిలర్ మేల్కొని ఉండటం ఇక్కడ సౌకర్యం మాత్రమే కాదు, పొదుపు కూడా. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించేదాకా విద్యాసంస్థల వెలుపలివారికి అందుబాటులో ఉన్న మార్గాలు ఇటువంటివే.

వెబ్ విస్తరించాక ఉత్తరం రాసి ఫైలు అడగవలసిన పని తగ్గిపోయింది. 1992లో ప్రమాణంగా వచ్చిన మైమ్ పద్ధతితో జోడింపులు తేలికై, యూయూఎన్‌కోడ్ కూడా మరుగున పడింది. ఎఫ్‌టీపీమెయిల్ వంటి సేవలు మూతపడ్డాయి. ఫిడోనెట్ మాత్రం చిన్న పరిధిలో నేటికీ నడుస్తోంది. దాని బోర్డులలో చాలా భాగం ఇప్పుడు టెలిఫోనుకు బదులు ఇంటర్నెట్ మీదే బింక్‌పి పద్ధతిలో పలకరించుకుంటాయి. కాలు ధర లేదు, లైను ఖాళీ కోసం ఎదురుచూపు లేదు. అయినా 'రెక్' తోక ఉన్న ఆ చిన్న ఫైలును చదివి, మాయ పేరును అసలు ఫైలుకు ముడివేసి పంపే సాఫ్ట్‌వేరు ఇంకా వాడుకలో ఉంది. నోడ్‌లిస్టు కావలసినవారు ఇప్పటికీ 'నోడ్‌లిస్ట్' అన్న ఒక్క మాటతో అడగవచ్చు.