రాత్రి తీసిన నెత్తురు, పైకి పలకని పేరు

బోదకాలు తెచ్చే సూక్ష్మ పురుగులు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి. ఊరు సద్దుమణిగి దోమలు కుట్టే వేళకు చర్మం దగ్గరి నాళాల్లోకి వస్తాయి. అందుకే నెత్తురులో ఈ పురుగులను వెతుకుతూ సర్వే చేసేవాళ్లు పగటిపూట వెళ్తే పని జరగదు. రాత్రి ఎనిమిది దాటాక, అన్నాలు తిని చాపలు పరుచుకునే సమయంలో తలుపు తట్టాలి. పుదుచ్చేరి వీధుల్లో ఏళ్ల తరబడి అలా తలుపులు తట్టినవాళ్లున్నారు.

చూడ్డానికి వాళ్ల పని చిన్నదే. వేలి కొసను దూదితో తుడిచి, సూదితో పొడిచి, ఇరవై ఘనపు మిల్లీమీటర్ల నెత్తురు, అంటే చిన్న బొట్టు, గాజు పలక మీద మందంగా పులుముతారు. పలక మీద నంబరు వేస్తారు. రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా పేరు, వయసు, ఇంటి నంబరు రాసుకుంటారు. ఆరిన పలక ప్రయోగశాలకు పోతుంది. అక్కడ రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద పురుగులు లెక్కపెడతారు. లెక్కపెట్టేవారికి నంబరు చాలు, పేరుతో పని లేదు. ఆ ఇంటికి మళ్లీ వెళ్లి మందు ఇవ్వాల్సి వచ్చినప్పుడు, కొన్నాళ్లకు అదే మనిషిని మళ్లీ పరీక్షించాల్సి వచ్చినప్పుడు పేరు కావాలి. ఆరోగ్య పరిశోధనలో గోప్యత రిజిస్టరులో ఆ నంబరునీ ఆ పేరునీ కలిపే ఒక్క వరసతో మొదలవుతుంది. ఆ వరసను ఎవరు చూస్తారు, ఎవరు చూడరు అన్నదే తొలి ప్రశ్న.

భారత వైద్య పరిశోధన మండలి 1975లో పుదుచ్చేరిలో వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌ను పెట్టింది. దోమలవంటి వాహకాలు మోసుకొచ్చే జబ్బుల మీద పనిచేయడానికే పుట్టిన సంస్థ అది. మురుగు నిలిచిన కాలువలు, గుంటలు బోదకాలును మోసే క్యూలెక్స్ దోమకు పుట్టిల్లు. 1981 నుంచి 1985 దాకా అయిదేళ్ల పాటు ఆ సంస్థ పట్టణంలో బోదకాలు అదుపు పథకం నడిపింది. మందు చల్లడమే నమ్ముకోకుండా, నీరు నిలవకుండా చేయడం, లార్వాలను తినే చేపలను వదలడం వంటివన్నీ కలిపి చేశారు. దోమలు తగ్గితే సగం పనే అయినట్టు. మనుషుల నెత్తురులో పురుగు తగ్గిందో లేదో తేలాలి. అంటే రాత్రిపూట మళ్లీ మళ్లీ వేలు చాపమని అడగాలి. ఈసారి ఇచ్చినవాళ్లు వచ్చేసారి తలుపు తీయకపోతే అయిదేళ్ల శ్రమకు లెక్క తేలదు.

తలుపు తీయకపోవడానికి కారణాలు లేకపోలేదు. పేరు బయటికొస్తే పెళ్లి సంబంధాలు వెనక్కి పోయే జబ్బు ఇది. మగవాళ్లలో వరిబీజంగా కనబడితే పంచె కింద ఏళ్ల తరబడి దాచుకుని తిరుగుతారు, డాక్టరు దగ్గరికీ వెళ్లరు. దానికి మించిన చిక్కు ఇంకొకటుంది. నెత్తురులో పురుగున్న చాలామందికి కాలు వాయదు, బయటికి ఏ గుర్తూ ఉండదు. వాళ్ల జబ్బు సంగతి వాళ్లకంటే ముందు ప్రయోగశాలకు తెలుస్తుంది. రోగి తానే వచ్చి చెప్పుకున్న బాధను దాచడం వైద్యుడి ధర్మం. మనిషికి తన గురించి తనకే తెలియని సంగతిని ఇంటికెళ్లి తెచ్చుకున్న పరిశోధకుడి మీద అంతకంటే పెద్ద బరువుంది.

బీరువాకు తాళం వేస్తే ఆ బరువు దిగిపోదు. పురుగుందని తేలినవారు డీఈసీ అనే మందు మాత్రలు పన్నెండు రోజులు వాడాలి. సర్వే రాత్రి వీధిలో అందరి వేళ్లూ పొడిచారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తర్వాత మాత్రల సంచీ పట్టుకున్న మనిషి ఒక్క ఇంటికే రోజూ వస్తుంటే, ఎదురింటివాళ్లకు వేరే రిపోర్టు అక్కర్లేదు. రిజిస్టరు తెరవకుండానే గుట్టు గుమ్మంలో రట్టవుతుంది. 2004లో బోదకాలున్న జిల్లాల్లో అందరికీ ఒకేసారి మాత్రలు పంచే కార్యక్రమం మొదలైంది. జబ్బు వ్యాప్తిని ఆపడానికి పెట్టినదే అయినా, అది ఈ చిక్కునూ తీర్చింది. వీధి మొత్తం మింగుతుంటే పురుగు ఎవరిలో ఉందో ఎవరికి తెలుస్తుంది?

ఈ పురుగు చరిత్రలోనే గోప్యత లేని తొలి అధ్యాయం ఒకటుంది. 1877లో చైనాలోని అమోయ్ రేవులో ప్యాట్రిక్ మాన్సన్ అనే స్కాట్లండు వైద్యుడు, ఒంట్లో పురుగులున్న తన పనివాణ్ణి దోమలు వదిలిన గదిలో పడుకోబెట్టాడు. అతని నెత్తురు తాగిన దోమలను కోసి చూస్తే పురుగు దోమలో పెరుగుతున్న సంగతి బయటపడింది. వైద్యశాస్త్రం గర్వంగా చెప్పుకునే ఘట్టం అది. ఆ పనివాడి పేరు, అతని ఒంట్లోని జబ్బు రెండూ నేటికీ పుస్తకాల్లో అచ్చవుతున్నాయి. అతను ఒప్పుకున్నాడా, యజమాని మాట కాదనలేక పడుకున్నాడా అన్నది మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ పేరును ఇక్కడ మళ్లీ అచ్చు వేయకపోవడమే న్యాయం.

వైద్యుడు రోగి గుట్టు విప్పకూడదన్న నియమం పుదుచ్చేరికి ఫ్రెంచివారి వైపు నుంచి వచ్చింది. 1810 నాటి ఫ్రాన్సు శిక్షాస్మృతి 378వ అధికరణం వైద్యులు, శస్త్రవైద్యులు, మందులమ్మేవారు, మంత్రసానులు తమకు తెలిసిన రహస్యాన్ని బయటపెడితే జైలు, జరిమానా అని రాసింది. ఇంగ్లీషువారు 1860లో చేసిన భారత శిక్షాస్మృతిలో అలాంటి సెక్షను కనబడదు. పుదుచ్చేరిలో 1823లో ఫ్రెంచివారు పెట్టిన వైద్య పాఠశాలే 1956లో ధన్వంతరి వైద్య కళాశాల అయింది, 1964 జులైలో జిప్మర్ అనే వైద్య సంస్థగా మారింది. దానికి నెల ముందే, జూన్‌లో, ప్రపంచ వైద్య సంఘం హెల్సింకీలో మనుషుల మీద పరిశోధనకు నియమావళి ఆమోదించింది. అయితే పరిశోధనకు లోనయ్యే మనిషి గోప్యతను కాపాడాలన్న మాట అందులో స్పష్టంగా చేరింది 1975 టోక్యో సవరణలోనే. పుదుచ్చేరిలో దోమల పరిశోధన సంస్థ పుట్టిన సంవత్సరమూ అదే.

మన దేశంలో వైద్య పరిశోధన మండలి 1980లో తొలి నైతిక విధాన ప్రకటన ఇచ్చింది. 2000లో, 2006లో, మళ్లీ 2017లో మార్గదర్శకాలు తెచ్చింది. తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తీర్పిచ్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. కానీ ఫలానా వ్యక్తి మీద నిర్ణయం తీసుకోవడానికి వాడనంతవరకు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించినంతవరకు, పరిశోధనకు అందులో మినహాయింపు ఉంది. కాబట్టి కాపలా బాధ్యత చాలావరకు సంస్థల ఎథిక్స్ కమిటీల మీదే పడుతుంది.

ఆ కమిటీలు ఫొటోల విషయంలో మరింత గట్టిగా ఉండాలి. వాచిన కాలు ఫొటో తీసి, కళ్ల మీద నల్లపట్టీ వేసి పుస్తకంలో అచ్చేయడం చాలాకాలం సాగింది. పట్టీ ఎంత వెడల్పున్నా పక్కింటివాళ్లు కాలును బట్టి, వెనకున్న గోడను బట్టి మనిషిని పోల్చుకుంటారు. కళ్లు కప్పితే చాలదని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం కూడా తేల్చిచెప్పింది.

పుదుచ్చేరి పాలనలోనే ఉన్న మన యానాం సంగతి ఇంకా సున్నితమైనది. 30 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో 55,626 మంది. పేరు తీసేసి, ‘యానాం, పురుషుడు, 43 ఏళ్లు, పడవ పని, అరుదైన ఫలానా జబ్బు’ అని పట్టికలో వేస్తే గోప్యత కాపాడినట్టు కాదు. కాఫీ హోటల్లో కూర్చున్నవాళ్లు అయిదు నిమిషాల్లో ఇల్లు చూపించేస్తారు. పెద్ద నగరాల కొలతతో తయారైన నియమం చిన్న ఊళ్లో చాలదు. వయసును పదేళ్ల వరసల్లో చూపాలి, ఊరి పేరు తీసి అంతకంటే పెద్ద ప్రాంతం పేరు వేయాలి, అయినా గుర్తుపట్టేలా ఉంటే ఆ వరసను అచ్చు వేయకూడదు. తెలుగువారైన యానాం మనిషికి సమ్మతి పత్రం తమిళంలోనో ఇంగ్లీషులోనో ఇచ్చి సంతకం పెట్టించుకోవడం కూడా తప్పే. అర్థంకాని కాగితం మీద వేలిముద్రను ఒప్పుకోలు అనలేం.

ఎవరైనా పరిశోధన కోసం మీ ఇంటికొచ్చి నెత్తురు అడిగితే ఇవ్వండి. బోదకాలు తగ్గుముఖం పట్టడం వెనక అలా వేలు చాపినవాళ్ల మంచితనం ఉంది. ఇచ్చేముందు సమాచార పత్రం మీ భాషలో అడగండి. మీ పేరు ఎక్కడ రాస్తారో, ఎన్నేళ్లు ఉంచుతారో, ఎవరు చూస్తారో, ఫలితం మీకు ఎలా చెబుతారో నోటితో చెప్పించుకోండి. ఎథిక్స్ కమిటీ ఫోను నంబరు ఆ కాగితంలో ఉందో లేదో చూసి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.